లైవ్‌లో గద్వాల చీర బుక్ చేసే ముందు ఇది చదవండి

శ్రావణమాసం లైవ్ సేల్స్ మొదలయ్యాయి. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ లైవ్‌లలో చీరలు కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. "ప్యూర్ హ్యాండ్లూమ్ గద్వాల" అని చెప్పి నాకు 5,500 రూపాయలకు అమ్మిన చీర పాలిస్టర్ అని తేలింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేజీ పేరు రాయడం లేదు. అయినా ఇదే పద్ధతిలో నడిచే పేజీలు చాలా ఉన్నాయి.

లైవ్‌లో చీర చూపించి కోడ్ నంబర్ చెప్తారు. స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపితే "బుక్డ్" అని రిప్లై, వెనకే క్యూఆర్ కోడ్. పది నిమిషాల్లో డబ్బు వేయకపోతే చీర వేరేవాళ్లకి వెళ్లిపోతుందంటారు. "సింగిల్ పీస్ అక్కా, మళ్లీ రాదు" అన్న అదే చీర తర్వాతి లైవ్‌లో మళ్లీ సింగిల్ పీస్‌గా కనిపించింది! లేని తొందర ఉన్నట్టు చూపించి కొనిపించడం 2023లో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మభ్యపెట్టే పద్ధతులు) మార్గదర్శకాల్లో ఉన్న 13 పద్ధతుల్లో ఒకటి.

అంచు పట్టేనా అని బుక్ చేసే ముందే అడిగాను. "వంద శాతం పట్టు" అన్న వాయిస్ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

గద్వాల నూలు చీరకి అంచూ కొంగూ పట్టువి. నూలు, పట్టు పోగులు కలిసే చోట మగ్గం మీదే ఒకదానిలో ఒకటి మెలిపెట్టి నేస్తారు. కుట్టు అంచు అనేది దాన్నే. చీర తిరగేసి ఆ చోట వేలితో తడిమితే కలయిక తెలుస్తుంది. నాకు వచ్చినదాంట్లో అది లేనేలేదు. వెనకవైపు బుటాల దగ్గరంతా కత్తిరించిన పోగులు వేలాడుతున్నాయి. కొంగు కుచ్చులోంచి ఒక పోగు తీసి కాల్చి చూశాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ఇది కరిగి గట్టి పూసలా ముడుచుకుంది.

పేజీవాళ్లకి చెబితే అన్‌బాక్సింగ్ వీడియో, అంటే పార్సిల్ తెరుస్తూ తీసిన వీడియో అడిగారు. పంపాను. ఎక్కడా ఆపకుండా తీసిన వీడియోలో "కట్ ఉంది" అన్నారు. తర్వాత "లైటింగ్ తేడా మేడమ్" అన్నారు. ఆ తర్వాత నంబర్ బ్లాక్. లైవ్ కింద నేను పెట్టిన కామెంట్ కూడా తీసేశారు. అంటే అక్కడ మనకు కనిపించే మెచ్చుకోళ్లన్నీ వాళ్లు ఉండనిచ్చినవే. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

డబ్బు వెళ్లింది పేజీ పేరు మీదకి కాదు, ఎవరో వ్యక్తి ఖాతాకి. పెద్ద షాపింగ్ యాప్‌లో కొంటే గొడవ వచ్చినప్పుడు అడగడానికి మధ్యలో యాప్ ఉంటుంది. ఇక్కడ ఎవరూ లేరు. పార్సిల్ మీద ఫోన్ నంబర్ తప్ప చిరునామా కూడా లేదు. చిరునామా, ఫిర్యాదులు తీసుకునే వ్యక్తి వివరాలు ఎక్కడా ఇవ్వని పేజీకి ముందే డబ్బు పంపకండి.

"నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్" అని రాసుకున్నారని వదిలేయొద్దు. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోను అనడానికి వీల్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. లైవ్ రికార్డింగ్, చాట్, చెల్లింపు రసీదు, పార్సిల్ కవర్ అన్నీ దాచండి.

ఆన్‌లైన్‌లో నిజాయితీగా అమ్ముకునే నేత కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లని మానేయమని నేను అనను. ఈ మోసాల వల్ల ముందు నష్టపోయేది వాళ్లే, అందుకే నాకింత కోపం. డబ్బు వేసే ముందు వీడియో కాల్‌లో చీర వెనకవైపు, అంచు కలిసే చోటు చూపించమనండి. హ్యాండ్లూమ్ మార్క్, సిల్క్ మార్క్ లేబుళ్లు ఉన్నాయేమో అడగండి. నిజంగా మగ్గం మీద నేసిన చీరైతే చూపించడానికి ఎవరూ విసుక్కోరు.

ఇంకొకటి. నేను అందరికీ కనిపించేలా ఫిర్యాదు రాసిన తర్వాత "రీఫండ్ డిపార్ట్‌మెంట్" అంటూ కాల్ వచ్చింది. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు వెనక్కి వస్తుందట! డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే మన ఖాతాలోంచే పోతుంది. అలా ఎవరికైనా పోయి ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.