బరంపురంలో ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ రిపేరు: కొలిచాకే మాట చెప్పే ఒక దుకాణం

ఒడిశాలోని బరంపురంలో ఎలక్ట్రిక్ బండ్లు అమ్మే షోరూములకు కొదవ లేదు గాని, బ్యాటరీ మొరాయించినప్పుడు దాన్ని పరీక్షించి లోపం ఎక్కడుందో తేల్చి చెప్పగలిగే చోట్లు మాత్రం అరుదు. గేట్ బజారు వైపు ఒక సందులో ఉన్న చిన్న దుకాణం అటువంటి అరుదైన చోటు. దాని బోర్డు మీద పైన ఒరియాలోనూ కింద తెలుగులోనూ ‘బ్యాటరీ రిపేరు’ అని తప్ప మరే పేరూ కనిపించదు. యజమాని తెలుగువారు, దగ్గర పనిచేసే కుర్రాళ్ళు ఒరియావారు. వచ్చినవారిని బట్టి మాట ఇటూ అటూ మారుతూ ఉంటుంది. సరిహద్దులోని గిరిసోల దాటి, ఆంధ్ర వైపున్న ఇచ్ఛాపురం నుంచి ఆటోలో బ్యాటరీ వేసుకుని వచ్చేవారిని కూడా నేను అక్కడ చూశాను.

సరిహద్దు ఊళ్ళవారికి ఇటువంటి దుకాణం అవసరం కావడానికి వేరే కారణం ఉంది. బండి కొనేది శ్రీకాకుళంలోనో విశాఖపట్నంలోనో అవుతుంది, నడిపేది గంజాం జిల్లాలో అవుతుంది. వారంటీ మాటెత్తితే అమ్మినవారు తమ ఊరికి తీసుకురమ్మంటారు, ఇక్కడి డీలరు కొన్నచోటికే వెళ్ళమంటారు. నా బండి విషయంలో ఒక సర్వీసు సెంటరువారు బ్యాటరీని తాకి కూడా చూడకుండా మొత్తం ప్యాక్ మార్చాలని తేల్చేశారు. కొత్త ప్యాక్ ఖరీదు చాలా బండ్లలో మొత్తం వెలలో మూడో వంతు దాకా ఉంటుంది కనుక, ఆ మాట అనేముందు మల్టీమీటరు పట్టి చూడడం కనీస ధర్మమని నేననుకుంటాను. ఈ దుకాణంలో ఆ ధర్మం పాటిస్తున్నారు.

నా బండిది 48 వోల్టుల, 24 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ. అంటే లెక్క ప్రకారం 1152 వాట్ అవర్ల నిల్వ. కొన్న కొత్తలో సముద్రం ఒడ్డునున్న గోపాలపురం వెళ్ళి తిరిగి వచ్చాక కూడా కొంత చార్జింగ్ మిగిలేది. రానుపోను ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరమది. తరువాత తరువాత తిరుగు దారిలో, అందులోనూ ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు, మీటరులో సగం గీతలు కనిపిస్తుండగానే బండి ఒక్కసారిగా ఆగిపోవడం మొదలైంది. కాసేపు పక్కన నిలబెడితే మళ్ళీ కదిలేది. చార్జర్ కూడా మునుపటికంటే చాలా ముందుగానే పచ్చలైటు చూపేది. ఈ మూడు లక్షణాలను చెప్పగానే యజమాని తల పంకించారే తప్ప నిర్ణయం చెప్పలేదు. ముందు చార్జర్ అడిగారు.

చార్జర్‌తో మొదలుపెట్టడం వెనుక అనుభవం ఉంది. 48 వోల్టులు అని స్టిక్కరు ఉన్నంత మాత్రాన అన్ని చార్జర్లూ ఒకటి కావు. సాధారణ లిథియం అయాన్ ప్యాక్‌లో పదమూడు వరసల సెల్‌లు ఉంటాయి. ఒక్కొక్క సెల్ నిండా చార్జయితే 4.2 వోల్టులు కనుక మొత్తం 54.6 వోల్టుల దగ్గర చార్జర్ ఆగాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే సెల్ నిండు వోల్టేజి 3.65 మాత్రమే, పదహారు వరసల ప్యాక్‌కు 58.4 వోల్టులు కావాలి. నాలుగు లెడ్ యాసిడ్ బ్యాటరీల సెట్టుకు వాడే చార్జర్ కూడా సుమారుగా ఆ స్థాయికే వెళ్తుంది. వీటన్నిటినీ బజారులో 48 వోల్టుల చార్జర్ అనే అమ్ముతారు, చాలాసార్లు పిన్నులు కూడా ఒకే రకంగా ఉంటాయి. పాత చార్జర్ కాలిపోయిందని పక్కింటివారి చార్జర్ అరువు తెచ్చుకుని పదమూడు వరసల ప్యాక్‌కు తగిలిస్తే, సెల్‌లు పరిమితి దాటకుండా ఆపగలిగేది లోపల ఉండే బీఎంఎస్ (సెల్‌లను కనిపెట్టి కాపాడే సర్క్యూట్ బోర్డు) ఒక్కటే. అది గనక సరిగా పనిచేయకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. నా చార్జర్ సరిగ్గా 54.6 చూపింది. దాన్ని పక్కన పెట్టారు.

తరువాత కనెక్టర్ చూశారు. గోపాలపురం వైపు తరచూ తిరిగే బండ్లకు ఉప్పుగాలి వల్ల పిన్నుల మీద చిలుము పడుతుంది; చిలుము పట్టిన చోట కరెంటుకు అడ్డంకి పెరుగుతుంది, అడ్డంకి ఉన్నచోట వేడి పుడుతుంది, ఆ వేడికి పిన్ను పట్టు వదులై అడ్డంకి ఇంకా పెరుగుతుంది. ఇది లోలోపల సాగే వ్యవహారం కావడంతో ప్లాస్టిక్ తొడుగు గోధుమరంగులోకి తిరిగేదాకా మనకు తెలియదు. నా బండి కనెక్టర్ ఒక అంచున అలాగే రంగు మారి ఉంది, దాన్ని మార్చారు. బ్యాటరీ పోయిందంటూ తనదాకా వచ్చే బండ్లలో చాలావాటికి అసలు లోపం కనెక్టర్‌లోనో, ఫ్యూజులోనో, సీటు కింద ఉండి, ట్రిప్ అయిన ఎంసీబీలోనో (కరెంటు మితిమీరితే తానే ఆగిపోయే స్విచ్చు) ఉంటుందని యజమాని చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ బాపతు పనులకు ఆయన పరీక్ష రుసుము తప్ప వేరే తీసుకోరని అక్కడ కూర్చున్న మరొక ఖాతాదారు చెప్పారు.

కనెక్టర్ మార్చినా బండి ఆగిపోవడం పూర్తిగా తగ్గలేదు కనుక అసలు పరీక్షకు వెళ్ళవలసి వచ్చింది. బ్యాటరీని నిండా చార్జి చేసి, ఒక యంత్రానికి కలిపి, స్థిరమైన కరెంటుతో ఖాళీ అయ్యేదాకా నడిపిస్తారు. ఎన్ని ఆంపియర్ అవర్లు బయటికి వచ్చాయో ఆ యంత్రం చూపుతుంది. మీటరులోని గీతలు చాలా బండ్లలో వోల్టేజిని బట్టి వేసే అంచనాలే. లెక్కలో నిలిచేది ఈ అంకె ఒక్కటే. నాది 24కు గాను 17 దగ్గర ఆగింది. ఆగిన క్షణంలో వరసవారీగా వోల్టేజి చూస్తే పన్నెండు వరసలు 3.5 వోల్టుల చుట్టుపక్కల ఉన్నాయి, ఒక్క వరస మాత్రం 2.8కి పడిపోయింది. వరసలన్నీ ఒకదాని తరువాత ఒకటిగా కలిసి ఉంటాయి గనుక అన్నిటిలోనూ ఒకే కరెంటు పోతుంది. ఒక్క వరస అడుగంటితే చాలు, దానికి హాని జరగకుండా బీఎంఎస్ మొత్తం ప్యాక్‌ను ఆపేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు కరెంటు ఎక్కువగా లాగడంతో ఆ బలహీనమైన వరస వోల్టేజి ఇంకా దిగజారుతుంది, బండి ఆగుతుంది. నిలబెడితే వోల్టేజి కాస్త కోలుకుంటుంది, బండి కదులుతుంది. చార్జింగ్ తొందరగా పూర్తి కావడానికి కారణం కూడా ఇదే: తక్కువ పట్టే వరస ముందుగా నిండిపోతుంది, బీఎంఎస్ అక్కడితో చార్జింగ్ ఆపేస్తుంది. యజమాని మాటల్లో చెప్పాలంటే, “మాస్టారూ, బ్యాటరీ అంతా పోనేదండి, ఒక్క వరసే పోనాది.”

రిపేరు చేసిన తీరు నాకు నచ్చింది. పాత సెల్‌ల మధ్యలో సరికొత్త సెల్‌లు పెట్టి అతికిస్తే కొద్ది నెలల్లోనే మళ్ళీ తేడా వస్తుంది. అందుకని తమ దగ్గర పరీక్షించి ఉంచిన సెల్‌లలోనుంచి నిల్వ సామర్థ్యమూ లోపలి నిరోధమూ నా ప్యాక్‌లోని మిగతా సెల్‌లకు దగ్గరగా ఉన్నవాటిని ఎంచి వేశారు. సోల్డరింగ్ ఇనుముతో కాకుండా స్పాట్ వెల్డింగ్‌తో నికెల్ పట్టీలు అతికించారు. సోల్డరింగ్ వేడి సెల్ చివర్ల దగ్గరి సీలునూ లోపలి పొరలనూ దెబ్బతీస్తుంది, స్పాట్ వెల్డింగ్‌లో వేడి క్షణకాలం మాత్రమే తగులుతుంది. పని అయ్యాక మళ్ళీ అదే పరీక్ష నడిపితే 21 వచ్చింది. కొత్తదానితో సమానం కాదు, అలా అవుతుందని ఆయన ముందే ఆశ పెట్టలేదు కూడా. గోపాలపురం ప్రయాణం ఇప్పుడు నిశ్చింతగా సాగుతోంది.

అంతకంటే నచ్చినది వారు చేయనన్న పని. నేనుండగానే ఒకరు నెలల తరబడి మూలన పడేసిన ప్యాక్ తెచ్చారు. వరసలు కొన్ని 2 వోల్టులకు దిగువన ఉన్నాయి. బీఎంఎస్‌ను తప్పించి నేరుగా కరెంటు ఇచ్చి లేపమని ఆయన బతిమాలారు. అంత లోతుకు పడిపోయి చాలాకాలం ఉన్న సెల్‌లో రాగి రేకు కరిగి, తిరిగి చార్జి చేసేటప్పుడు ఆ రాగి లోపల పేరుకుని షార్ట్ సర్క్యూట్‌కు దారితీయవచ్చు. యజమాని ఆ ప్యాక్‌ను తిరిగి ఇచ్చేశారు, ఉబ్బిన ప్యాక్‌లను కూడా తీసుకోరు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇళ్ళలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయిన సంగతి మన ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. ఆ జాగ్రత్తను చాదస్తం అనలేము.

బ్యాటరీ తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన చెప్పే సూచనలు ఓపికగా వినదగ్గవి. మన ఇళ్ళలో ఇన్వర్టర్ బ్యాటరీని చూసుకునే అలవాటు బలంగా ఉంది. ఆ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం చార్జింగ్‌తో వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది కనుక దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచడమే సరైన పద్ధతి. లిథియంకు ఇది తిరగబడుతుంది. నిండా చార్జి చేసి వేడిలో ఉంచితే అది త్వరగా ముసలిదవుతుంది. వేసవి సెలవులకు ఊరు వెళ్ళేవారు బ్యాటరీని సుమారు సగం చార్జింగ్‌తో, రేకుల షెడ్డులో కాకుండా ఇంట్లో నీడపట్టున, బండినుంచి వేరు చేసి ఉంచడం మంచిది. ఎండలో నడిపి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకుండా ప్యాక్ చల్లబడేదాకా ఆగాలి. పూర్తిగా ఖాళీ చేసి నింపితే మంచిదనే మాట పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది, లిథియంకు వర్తించదు. రోజువారీ 80 శాతం దగ్గర ఆపడం మేలే గాని, వరసల మధ్య తేడాను చాలా బీఎంఎస్‌లు చార్జింగ్ నిండబోయే దశలోనే సవరిస్తాయి కనుక అప్పుడప్పుడు చివరిదాకా చార్జి చేయాలి. ఈ చివరి మాట చెప్పేవారు తక్కువ. 80 శాతం సూత్రాన్ని నిష్ఠగా పాటించి వరసలు చెదరగొట్టుకునేవారు ఎక్కువ.

అక్టోబరు విషయం వేరే చెప్పాలి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లానూ శ్రీకాకుళాన్నీ ఊపేసింది. కరెంటు రోజుల తరబడి లేని అనుభవం ఇక్కడివారికి కొత్త కాదు. తుఫాను హెచ్చరిక వినగానే బ్యాటరీ నింపుకోవడం సబబే. అయితే వరద నీటిలో మునిగిన ప్యాక్‌ను ఎండబెట్టాము కదా అని చార్జింగ్ పెట్టకూడదు. లోపల మిగిలే తేమా ఉప్పూ బీఎంఎస్ బోర్డు మీద విడిగా ఉండవలసిన కరెంటు దారులను కలిపేస్తాయి. కరెంటు తిరిగి వచ్చిన తొలి గంటల్లో వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది గనుక చార్జర్‌ను అది కుదుటపడేదాకా ప్లగ్గులోనుంచి తీసి ఉంచాలి.

దుకాణంలో లోపాలు లేకపోలేదు. బిల్లులో ‘సెల్ మార్పిడి’ అని ఒక్క ముక్క రాసి మొత్తం వేస్తారు. ఏ తయారీ సెల్‌లు, ఎన్ని, వాటి కొలతలు ఎంత అన్నది అడిగితే నోటితో చెబుతారే గాని కాగితం మీద పెట్టరు. ఆరు నెలల హామీ కూడా మాట మీదనే నడుస్తుంది. రెండు రోజులన్న పని వారం పట్టింది, ఫోన్ చేస్తే ‘రేపే’ అన్న జవాబు వచ్చింది. తీసేసిన సెల్‌లను చివర్లకు టేపు అతికించకుండా గుమ్మం పక్కన బకెట్టులో వేసి ఉంచడం మరీ బాగాలేదు; ఒకదానికొకటి తగిలితే అవే నిప్పు రాజేస్తాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి గనుక వాటిని అనుమతి ఉన్న సేకరణదారులకు అప్పగించే ఏర్పాటు చేసుకోవాలి. అన్నిటికంటే తీవ్రమైనది, పరీక్ష పూర్తి కాలేదని కొన్ని రాత్రులు షట్టరు వేశాక కూడా చార్జింగ్ నడవనివ్వడం. పైన కాపురాలు ఉన్న భవనంలో అది తగదు. ఈ మాట ఆయనకే నేరుగా చెప్పాను, టైమర్ పెట్టిస్తామన్నారు.

వారంటీ నడుస్తున్న బండి ఉన్నవారు ఇక్కడికి వెళ్ళవద్దు. ప్యాక్ విప్పితే కంపెనీ హామీ పోతుంది. ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణం మూడో సవరణ 2022 డిసెంబరు 1 నుంచీ 2023 మార్చి 31 నుంచీ రెండు విడతలుగా అమలులోకి వచ్చింది. ఒక సెల్‌లో పుట్టిన మంట మిగతావాటికి పాకకుండా, నీరు చొరబడకుండా చూసే పరీక్షలు అందులో ఉన్నాయి; ఆ పరీక్షలకు నిలిచిన ప్యాక్‌ను విప్పి మళ్ళీ మూస్తే పాత బిగింపు అలాగే ఉంటుందని ఎవరూ పూచీపడలేరు. వారంటీ గడువు దాటి, మైలేజీ తగ్గి, కొత్త ప్యాక్ కొనాలా వద్దా అని తేల్చుకోలేనివారికి మాత్రం పరీక్ష రుసుము మూడు వందల రూపాయలు వృథా కాదు.

వెళ్ళేవారు బ్యాటరీతో పాటు చార్జర్ కూడా తప్పక తీసుకువెళ్ళాలి, లేకపోతే మొదటి పరీక్షే జరగదు. బ్యాటరీని నిండా చార్జి చేసి తీసుకువెళ్తే ఒక పూట కలిసివస్తుంది. ఆదివారం సెలవు. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో ఆ సందులోకి బండి పోవడం కష్టం. సాయంత్రం కాకుండా ఉదయం పది గంటలకే వెళ్ళడం మేలు.