భీమవరం దగ్గర అల్లాయ్ చక్రాల పౌడర్ కోటింగ్: రంగు బాగుంది, వాల్వు పని ఇంకా బాగుంది

భీమవరం నుంచి ఉండి అనే ఊరికి వెళ్ళే దారిలో ఉన్న ఒక చక్రాల షాపులో ఈ మధ్య మా కారు నాలుగు అల్లాయ్ చక్రాలకూ పాత రంగు తీయించి పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి, వేడిలో గట్టిపరిచే పూత) వేయించాను. రంగు పనిలో పెద్దగా వంక పెట్టడానికి లేదు. కానీ చక్రం లోపల ఉండే టైరు ప్రెషర్ సెన్సార్ల మీదా, వాటిని పట్టి ఉంచే వాల్వుల మీదా అక్కడివారు చూపిన శ్రద్ధ వల్లనే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

నరసాపురం, మొగల్తూరు వైపు తిరిగే కార్లకు ఈ పని అవసరం త్వరగా పడుతుంది. సముద్రపు గాలి ఒక కారణమైతే, రొయ్యలూ చేపలూ తీసుకెళ్ళే లారీల నుంచి దారి పొడవునా కారే నీళ్ళు మరొక కారణం. వాటి వెనకాల బండి నడిపినవారికి ఆ వాసనతో పాటు అద్దం మీద పడే తుంపర కూడా పరిచయమే. అల్యూమినియానికి ఇనుములా ఎర్ర తుప్పు పట్టదు గాని, రాయి తగిలి పైనున్న లక్క పొర చిట్లిన చోట ఉప్పునీరు దూరి, గోడ మీద చెదలు పెట్టిన బాటల్లా తెల్లటి గీతలు పొర కిందనే పాకిపోతాయి. కంటికి కనిపించేది అందం చెడటం మాత్రమే. అదే తెల్లపొడి టైరు అంచు రిమ్ముకు ఆనే చోట చేరితే, ఏ మేకూ గుచ్చుకోకుండానే గాలి కొద్దికొద్దిగా దిగిపోతుంది.

మా ఊరికి దగ్గరలో మరొకచోట అడిగితే, టైరు విప్పకుండానే అంచుల వెంట టేపు అంటించి రంగు కొట్టిస్తామన్నారు. అలా చేస్తే రోగం లోపలే ఉండిపోతుందని వద్దనుకున్నాను. భీమవరం షాపులో ముందుగా టైర్లు విప్పి, సెన్సార్లను ఊడదీసి, ఏది ఏ చక్రానిదో చీటీ అంటించి వేర్వేరు డబ్బాల్లో పెట్టారు. ఆ తర్వాతే పాత పొరను రసాయనంతో కరిగించి, సన్నని ఇసుక ధారతో రిమ్ము శుభ్రం చేశారు. పౌడరు గట్టిపడటానికి చక్రాన్ని 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కొంతసేపు ఉంచాలి. సెన్సారు లోపలి బ్యాటరీని జిగురు పోసి మూసేస్తారు కాబట్టి దాన్ని విడిగా తీసే వీలు లేదు. ఆ వేడికి సెన్సారు మొత్తం పాడైపోతుంది. "ఆయ్, సెన్సారు తీయకుండా ఏ చక్రమూ ఓవెన్లోకి వెళ్ళదండి" అని మేస్త్రిగారు నేను అడగకముందే చెప్పారు.

హబ్బుకు (కారు వైపు చక్రాన్ని బిగించే భాగానికి) ఆనుకునే వెనుక భాగాన్నీ, నట్లు కూర్చునే గుంటలనూ, వాల్వు రంధ్రాన్నీ పౌడరు పడకుండా మూసిపెట్టారు. ఆ చోట్ల మందంగా పొర ఉంటే నట్లు బిగించినప్పుడు అది నలిగి, కొంత దూరం నడిచాక బిగింపు వదులవుతుంది. పని తెలిసినవారిని ఇలాంటి చోటే గుర్తుపట్టవచ్చు.

మా కారు సెన్సార్లవి రబ్బరు వాల్వులు కావు, నట్టుతో బిగించే అల్యూమినియం వాల్వులు. వీటిలో మూడు చోట్ల తప్పు జరుగుతుంది. వాల్వు అడుగున ఉండే రబ్బరు వాషరు ఒకసారి నలిగాక మళ్ళీ అంత గట్టిగా గాలిని ఆపదు కాబట్టి టైరు విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. షాపువారు వాషరు, నట్టు, లోపలి పిన్ను, మూత అన్నీ కలిసిన కిట్టు వేశారు. మామూలు ఇత్తడి పిన్నును అల్యూమినియం వాల్వులో పెడితే, తేమా ఉప్పూ చేరినప్పుడు రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి పిన్ను లోపలే అతుక్కుపోతుంది. అందుకే నికెల్ పూత ఉన్నదే వాడాలి. మెరిసే ఇత్తడి, స్టీలు మూతలదీ ఇదే కథ. వాటిని బలవంతంగా తిప్పితే వాల్వు విరిగిపోయి, సెన్సారుకు కూడా డబ్బు పెట్టాల్సి వస్తుంది. మా పాత మూతలలో ఒకటి అప్పటికే పట్టేసి ఉంటే, దాన్ని మెల్లగా నూనె పట్టించి తీసి, నాలుగింటికీ ప్లాస్టిక్ మూతలు పెట్టారు. నట్టును స్పానరుతో అంచనాగా కాకుండా ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే చిన్న టార్క్ రెంచితోనే బిగించారు.

సెన్సార్లను పరికరంతో పరీక్షించి, ఒకదాని బ్యాటరీ బలహీనంగా ఉందని చూపించారు. ఇవి సాధారణంగా 5 నుంచి 10 ఏళ్ళు పనిచేస్తాయి. టైరు ఎలాగూ విప్పి ఉంది కనుక దాన్ని అప్పుడే మార్పించాను. కొత్తది కొనేటప్పుడు సెన్సారు సంకేతాలకు మన కారు ఏ రేడియో ఫ్రీక్వెన్సీ వాడుతుందో చూసుకోవాలి. 433 మెగాహెర్ట్జ్ కారుకు, అమెరికా కార్లలో వాడే 315 మెగాహెర్ట్జ్ సెన్సారు పనికిరాదు. చక్రం లోపల సెన్సారే లేకుండా, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ద్వారా చక్రాల వేగాన్ని పోల్చి గాలి తగ్గిందని పసిగట్టే కార్లు కూడా ఉన్నాయి. అలాంటి కారు ఉన్నవారికి ఈ ఖర్చు లేదు.

ముఖభాగాన్ని లేత్ మీద మెరిసేలా కోసే డైమండ్ కట్ కూడా చేయించుకోమని కౌంటరులో గట్టిగానే అడిగారు. నేను ఒప్పుకోలేదు. కోసిన ప్రతిసారీ లోహం కొంత పోతుంది, పైన ఉండేది పలుచని లక్క పొర ఒక్కటే, వాడిగా ఉన్న అంచుల దగ్గర అది ఇంకా పలుచబడుతుంది. ఉప్పుగాలిలో తిరిగే కారుకు ముందుగా దెబ్బ తగిలేది అక్కడే. హైదరాబాదులో ఉండేవారి లెక్క వేరు.

లోపాలూ ఉన్నాయి. చక్రాలు నాలుగూ ఒకేసారి ఇచ్చినవారికి తాత్కాలికంగా వేరే చక్రాలు ఇవ్వరు. కారు జాకీల మీదే ఉండిపోతుంది. చెప్పిన రోజుకు పని కాలేదు, ఫోను చేస్తే తప్ప ఆ సంగతి తెలియలేదు. బిల్లులో కిట్లనూ, సెన్సారునూ, పౌడరునూ విడివిడిగా రాయకుండా మొత్తం ఒకే అంకె వేశారు, అడిగాక రాసిచ్చారు. బ్యాలెన్సింగ్ సీసపు ముక్కలలో ఒకదాన్ని కొత్త రంగు అంచుకు కొక్కెంలా తగిలించబోతే ఆపి, లోపలివైపు అంటించే రకం వేయించాల్సి వచ్చింది.

బయటికి వచ్చాక డ్యాష్‌బోర్డు మీద టైరు ప్రెషర్ పసుపు లైటు కొంతసేపు వెలిగే ఉంది. సెన్సార్లు చక్రాలు తిరుగుతున్నప్పుడే సరిగా సంకేతాలు పంపుతాయి కాబట్టి, పాలకొల్లు చేరేలోపు దానంతటదే ఆరిపోయింది. కొన్ని కార్లలో పరికరంతో మళ్ళీ గుర్తుపట్టించాలి, ఆ పరికరం వీరి దగ్గర ఉంది. 100 కిలోమీటర్లు నడిచాక చక్రాల నట్ల బిగింపు మళ్ళీ చూపించుకోమన్నారు. వెళితే డబ్బు తీసుకోకుండానే చూశారు, కాకపోతే ఆదివారం షాపు తెరవరు.