ఇంటి పన్నా, చెత్త పన్నా, బకాయిలా: విజయనగరానికి ఏది మేలు?

మా పిన్ని ఇల్లు విజయనగరంలో గంటస్తంభానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. పాత పెంకుటిల్లు, వెనక పెరడు, ఒక నుయ్యి. పన్ను రసీదులన్నీ తీగకు గుచ్చి వంటింటి గోడకు వేలాడదీస్తుంది. మొన్న వాటిని వరసగా తిరగేస్తే, 2021 నుంచి అంకె ఏటా ఎగబాకుతూనే ఉంది. "ఇల్లేమో పాతబడుతోంది, పన్నేమో పెరుగుతోంది. ఇదేమి లెక్కరా?" అని నిలదీసింది.

లెక్క మారిన మాట నిజమే. 2021 ఏప్రిల్‌కు ముందు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చో చూసి పన్ను వేసేవారు. ఇల్లు పాతదైతే కొంత తరుగు తీసేవారు. ఆ తర్వాత మూలధన విలువ వచ్చింది. అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో స్థలానికి, కట్టడానికి ఉన్న ధర. అందులో నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం వరకు, దుకాణాల వంటివాటికి 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను వేయవచ్చు. పెంకులకు ధర లేకపోయినా వాటి కింద నేలకు ఉంది కదా! అందుకే పిన్ని పన్ను పెరుగుతోంది. పాత ఇళ్లపై ఒకేసారి భారం పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని హద్దు పెట్టారు. 375 చదరపు అడుగులలోపు సొంత ఇంటికైతే ఏడాదికి 50 రూపాయలే.

15 శాతం వినడానికి చిన్నదే. మొదట్లో పిన్ని కట్టిన 2,000 రూపాయల పన్ను ఏటా ఆ లెక్కన పెరిగితే మొదట 2,300, తర్వాత 2,645, ఆపైన 3,042, 3,498, అయిదో ఏడాదికి 4,023. రెట్టింపు దాటింది. అయిదేళ్లలో రెట్టింపైన పింఛను ఉంటే చెప్పండి, నేనూ దరఖాస్తు పెడతాను.

అలాగని పన్ను పెంచనే వద్దనేవారితోనూ నాకు పేచీ ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణాలకిచ్చే గ్రాంటుకు ఒక షరతు పెట్టింది. ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర ఉత్పత్తి పెరిగే వేగంతో పాటు పెరుగుతూ ఉండాలి. పన్నును కదపకుండా కూర్చున్న ఊరు పన్నుతో పాటు గ్రాంటునూ పోగొట్టుకునే ప్రమాదం ఉంది. కాలువ పూడిక తీసేవారికి, వీధి దీపాలకు, నెల్లిమర్ల వైపు నుంచి నీళ్లు తోడే మోటార్లకు అయ్యే ఖర్చు మాత్రం ఆగదు.

పన్ను జోలికి పోకుండా ఆ డబ్బు ఇంకెక్కడ దొరుకుతుంది? ఒక దారి మనం చూసిందే. 2021లో మొదలై 2024లో ప్రకటించిన రద్దుతో ముగిసిన చెత్త రుసుము. జనం నోట అది చెత్త పన్నే అయింది. సేవకు తగ్గ రుసుము అనే మాట న్యాయంగానే వినిపిస్తుంది. కానీ లెక్క కోసం నెలకు వంద రూపాయలనుకోండి. ఏడాదికి 1,200. రెండు వేలు పన్ను కట్టే ఇంటికి అది 60 శాతం పెంపుతో సమానం. పన్నెండు వేలు కట్టే మూడంతస్తుల మేడకు 10 శాతమే. పైగా నెలనెలా ఇంటింటికీ మనిషి వచ్చి అడగాలి, లేనివారి గడప ముందు మాటలు పెరగాలి. ఆస్తి పన్నులో ఎన్ని లోపాలున్నా అది గుమ్మాన్ని బట్టి మారుతుంది. చెత్త పన్ను ఇంటి విలువను చూడదు. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ఇంటి పన్ను పెంపుకే చెయ్యెత్తుతాను.

మూడోది బకాయిలు. బడ్జెట్ మాట వచ్చినప్పుడల్లా "ముందు పెద్దల బకాయిలు వసూలు చేయండి" అంటారు. చప్పట్లు కూడా పడతాయి. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఇంటి అప్పుకు ఏ బ్యాంకూ అడగనంత. అయినా ఎందుకు కట్టరు? మార్చి నెలాఖరుకు వడ్డీ మాఫీ వస్తుందని ఆశ. 2025 మార్చిలో వడ్డీలో సగం మాఫీ వచ్చింది కూడా. ఏప్రిల్‌లోనే మొత్తం కట్టేసినవారికి దక్కేది 5 శాతం తగ్గింపు మాత్రమే. ఇక బకాయి డబ్బు ఒకసారి వచ్చి అయిపోతుంది. జీతాలు నెలనెలా ఇవ్వాలి.

అందుకే బకాయిల కన్నా నాకు పుస్తకాలకెక్కని అంతస్తుల మీద గురి. కింద ఇల్లుగా రాయించి ముందు గదిలో దుకాణం నడిపేవారు, ఒక అంతస్తుకు పన్ను కడుతూ పైన మరో రెండు లేపినవారు, రింగ్ రోడ్డు వైపు స్థలం కొని ముళ్లకంప పెంచుతూ ధర కోసం కాచుకున్నవారు ఏ ఊరిలోనైనా ఉంటారు. వీటిని ఒకసారి కొలిచి సరిగా రాస్తే ఆదాయం ఏటా వస్తుంది. పన్ను రేటును వేలితో కూడా తాకనక్కరలేదు. చిక్కల్లా ఒకటే. కొలత టేపు పట్టుకుని వెళ్లిన మనిషికి ప్రతి గేటు దగ్గరా ఒక ఫోను వస్తుంది. 15 శాతం పెంచడానికైతే కంప్యూటర్ చాలు, ఎవరితోనూ తగువు ఉండదు.

నన్ను అడిగితే కొలత ముందు, పెంపు తర్వాత. ఆ పెంపు కూడా 15 కాకుండా ఏడెనిమిది శాతం చాలు. చెత్త పన్ను పేరు మళ్లీ ఎత్తవద్దు.

ఇదంతా వాదించడానికి విజయనగరంలో కౌన్సిల్ అనేది ఒకటి ఏర్పడింది. 2021లో 50 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. విజయనగరంతో పాటే శ్రీకాకుళం కూడా 2015లో కార్పొరేషన్ అయినా 2021లో అక్కడ ఎన్నికలు జరగలేదు. కార్పొరేటరే లేని ఆ ఊరిలో సూర్యమహల్ కూడలి దగ్గర ఎవరిని ఆపి అడగాలి?

పిన్ని మాత్రం ఏప్రిల్ 30 దాటనివ్వదు. 4,023 మీద 5 శాతం, 201 రూపాయలు తగ్గించారని రసీదు వెనక రాసుకుంది. ఆ ఏడాది పెరిగింది 525.