వేవర్ వచ్చినా వెయిటింగ్ లిస్టే: హనుమకొండ కన్సల్టెన్సీతో మా అనుభవం

నేను కాజీపేటలో రైల్వే బుకింగ్ క్లర్కుని. మా చెల్లెలు బీటెక్ చేసి, హైదరాబాద్‌లో పేటెంట్ల పని చూసే కంపెనీలో నాలుగేళ్లు చేసింది. అక్కడే లా పిచ్చి పట్టుకుంది. అమెరికాలో జేడీ, అంటే అక్కడి లా డిగ్రీ, చదువుతానంది. ఊళ్ళో ఎంఎస్ కోసం వెళ్ళినవాళ్ళు ఇంటికొకరున్నారు గానీ, లా కోసం వెళ్ళినవాళ్ళెవరూ మాకు తెలియదు. అందుకే నక్కలగుట్టలో ఉన్న ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కాం. పేరు రాయను, రాస్తే ఫోన్లు మొదలవుతాయి.

ఏసీ గది, ఇలాచీ చాయ్, గోడ మీద స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ. ప్యాకేజీ నలభై వేలు, అందులో ‘వేవర్ సపోర్ట్’, అంటే అప్లికేషన్ ఫీజు మాఫీ తెప్పించడం, అని ఎనిమిది వేలు. కౌన్సెలర్ మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “వేవర్ వచ్చిందంటే సీటు సగం వచ్చినట్టే అన్నా, ఫికర్ చేయకు.”

నెల తిరక్కుండానే తొమ్మిది లా స్కూళ్ళ నుంచి మెయిళ్ళు వచ్చాయి. మీ ప్రొఫైల్ మాకు నచ్చింది, అప్లికేషన్ ఫీజు కట్టక్కర్లేదు అని. అమ్మ కొమ్మాల జాతరకు మొక్కుకుంది కూడా. కన్సల్టెన్సీ వాళ్ళు ‘మేం తెప్పించినవి’ అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టారు.

నాకెందుకో అనుమానం వచ్చింది. మా కౌంటర్ దగ్గర స్టూడెంట్ రాయితీ ఫారం తెచ్చే పిల్లలుంటారు. టికెట్ సగం ధరకే వస్తుంది, కానీ బెర్తు లేకపోతే వాళ్ళకూ వెయిటింగ్ లిస్టే. రాయితీ ఇచ్చే రూలు వేరు, బెర్తు దొరికే లెక్క వేరు. ఇదీ అలాంటిదేనా అని రెండు నైట్ డ్యూటీలు కూర్చొని చదివాను.

అలాంటిదే. లా స్కూళ్ళ ఎంట్రన్స్ ఎల్‌శాట్ పెట్టే ఎల్‌శాక్ అనే సంస్థ అకౌంట్‌లో క్యాండిడేట్ రెఫరల్ సర్వీస్ అని ఒకటుంది, ఉచితం. మన స్కోరూ వివరాలూ లా స్కూళ్ళు చూడొచ్చని ఒప్పుకుంటే చాలు. స్కూళ్ళు తమకు కావలసిన స్కోరు పరిధి పెట్టి వెతికి, అందులో పడ్డవాళ్ళకు గంపగుత్తగా వేవర్లు పంపిస్తాయి. మా చెల్లెలు అకౌంట్ తెరిచినరోజే దానికి ఒప్పుకుంది. అంటే ఎనిమిది వేలు కట్టింది మేం అప్పటికే పెట్టిన ఒక టిక్కు కోసం!

స్కూలుకేం లాభం అంటే, ఎక్కువమంది అప్లై చేస్తే ఎంచుకోవడానికి ఎక్కువమంది దొరుకుతారు. సీట్లు అన్నే కాబట్టి వందకు ఇంతమందినే తీసుకుంటాం అనే అంకె కూడా తగ్గి గట్టి స్కూలులా కనిపిస్తుంది. అలాగని వేవర్ ఉత్త కాగితం అనను. మన స్కోరు ఆ స్కూలు మధ్యస్థం (చేరినవాళ్ళలో సగంమంది దానికి పైన, సగంమంది కింద ఉండే స్కోరు) కంటే బాగా పైనుంటే నిజంగానే రమ్మంటున్నట్టు, కింద ఉంటే జల్లెడలో పడ్డామంతే. డబ్బుల్లేక వేవర్ అడిగినవాళ్ళను తక్కువగా చూస్తారన్న భయమూ అక్కర్లేదు, ఫైలు చదివేటప్పుడు అది లెక్కలోకి రాదు.

అసలు లెక్క చూడాలంటే ప్రతి స్కూలూ ఏటా పెట్టే 509 రిపోర్టు తెరవాలి. ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి ఇచ్చారు, ఎల్‌శాట్ మధ్యస్థం ఎంత, అన్నీ ఉంటాయి. ఎల్‌శాట్ 120 నుంచి 180 దాకా. మా చెల్లెలిది 161. హార్వర్డ్ మధ్యస్థం అప్పుడు 174. కన్సల్టెన్సీ లిస్టులో వేవర్ ఉందన్న ఒక్క కారణంతో పెట్టిన స్కూళ్ళు ఐదు, అన్నీ 167కి పైనే. పైగా మన డిగ్రీకి ఎల్‌శాక్ జీపీఏ కట్టదు, ‘అబౌ యావరేజ్’ లాంటి ఒక మాట రాసి పంపుతుంది. ఇక బరువంతా ఎల్‌శాట్ మీదే.

ఇంకో సంగతి కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పనేలేదు. అప్లికేషన్ ఫీజు సున్నా అయినా, మన మార్కులూ స్కోరూ కలిపి ఒక్కో స్కూలుకు ఎల్‌శాక్ పంపే రిపోర్టుకు మనమే కట్టాలి, అప్పుడు 45 డాలర్లు. తొమ్మిదింటికి 405 డాలర్లు, అంటే మాకు అప్పట్లో ముప్పైనాలుగు వేలు. ‘ఫ్రీ అప్లికేషన్’ అని విన్న నాన్న ఆ రోజు అన్నం సరిగా తినలేదు. ఎల్‌శాక్ తానే ఇచ్చే పేదరికం వేవర్‌తో ఈ ఖర్చూ తగ్గుతుంది గానీ, అది అమెరికా పౌరులు, శాశ్వత నివాసుల్లాంటి వాళ్ళకే. మాకూ చేయిస్తామని వీళ్ళు రెండు వారాలు ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ తిప్పారు.

ఆ రెండు వారాలే ఎక్కువ బాధ. చాలా లా స్కూళ్ళు అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు ఇచ్చుకుంటూ పోతాయి. నవంబర్‌లో పోవాల్సినవి డిసెంబర్‌లో పోయాయి. ఫిబ్రవరిలో ఇంకో రెండు వేవర్లు వచ్చాయి, వాటిని చెల్లెలు తెరవనే లేదు.

చివరికి లిస్టులో నాలుగు కొట్టేసి, 509 చూసి మూడు మేమే కలిపాం. వాటిలో ఒకదానికి చెల్లెలు తానే మెయిల్ రాసి వేవర్ అడిగితే రెండో రోజే ఇచ్చారు. అడగడానికి పైసా ఖర్చు లేదు. ఇప్పటికి రెండు చోట్ల సీటు వచ్చింది: ఒకటి వేవర్ ఉన్నది, ఇంకొకటి మేం 65 డాలర్లు కట్టింది. ఒకచోట వెయిటింగ్ లిస్టు. మిగతావి రాలేదు.

ఎనిమిది వేలు వెనక్కివ్వమంటే ప్యాకేజీ విడదీయరాదన్నారు. గట్టిగా అడిగితే మూడు వేలు ఇచ్చారు.

రెండు స్టార్లు. అవి కూడా అక్కడ ట్రాన్స్‌క్రిప్టుల పని చూసే కుర్రాడికే. యూనివర్సిటీలో సీలు వేసిన కవర్లు, లోపల పెట్టాల్సిన ఎల్‌శాక్ ఫారం, ఎల్‌శాక్ ఆఫీసున్న పెన్సిల్వేనియాకు కొరియర్, ఒక్క తప్పు లేకుండా చేశాడు. వెళితే అతన్ని అడగండి, ఆ పనికి మాత్రమే డబ్బు కట్టండి.