కొత్త ప్లాస్టరింగ్ మీద ఎక్స్‌టీరియర్ ఎమల్షన్: 2022 నుంచి చూస్తున్న గోడల సంగతి

హనుమకొండలో మా ఇంటి బయటి గోడలకు మొదటిసారి రంగు పడింది 2022 ఫిబ్రవరి చివర్లో. రోబో సాండ్‌తో (రాళ్లు పిండి చేసి తీసే ఇసుక) చేసిన కొత్త ప్లాస్టరింగ్, దాని మీద పేరున్న కంపెనీ ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) ఒక కోటు, అదే కంపెనీ ఎమల్షన్ (నీళ్లలో కలిపే గోడ రంగు) రెండు కోట్లు. రంగు మంచిదే, డబ్బులు దండగ కాలేదు. కానీ ఇన్నేళ్లూ నిలిచిందంటే అందులో రంగు కంటే గోడను ఆరనిచ్చిన దానికే ఎక్కువ పుణ్యం దక్కాలి.

ప్లాస్టరింగ్‌కు వారం పైగా నీళ్లు కొట్టాక, ఆరడానికి కనీసం 28 రోజులు వదలాలంటారు. పెయింటర్ మాత్రం "ఏం కాదు సార్, ఈ ఎండకు ఎప్పుడో ఎండింది, కొట్టేద్దాం" అని రోజూ ఒకటే పోరు. పైకి తెల్లగా ఎండినట్టే కనిపిస్తుంది, తేమ లోపల ఉంటుంది. చూద్దామని అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించాం. తెల్లారి చూస్తే లోపలి వైపు సన్నటి నీటి బొట్లు! ఇక అతనేం మాట్లాడలేదు. తర్వాత మేడారం జాతర వచ్చింది, మనిషి ఫోన్‌కే దొరకలేదు, ఆ ఆలస్యం మా గోడకు బాగా కలిసొచ్చింది.

తేమ ఒక్కటే కాదు టెన్షన్. పచ్చి సిమెంటుకు క్షార గుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటి ఉంటుంది. దాని మీద ఆయిల్ పెయింట్ వేస్తే నూనె సబ్బుగా మారి మెత్తబడి ఊడిపోతుంది. ఎమల్షన్ దీనికి కొంత తట్టుకుంటుంది గానీ, గోడలోంచి నీళ్లు బయటికొస్తూ తెల్లటి ఉప్పును మోసుకొస్తే ఏ రంగైనా మచ్చలు పడాల్సిందే. మా పక్క ప్లాటులో గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని పచ్చి గోడకే రంగు కొట్టించారు, మొదటి వానాకాలానికే కిటికీల కింద బొబ్బలు లేచి పెచ్చులూడాయి. అందుకే క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ అని డబ్బా మీద చూసి మరీ తీసుకోండి. పెయింటర్ దాంట్లో నీళ్లు ఎన్ని కలుపుతున్నాడో కూడా దగ్గర నిలబడి చూడండి, మొహమాటపడొద్దు.

పుట్టీ బయట గోడంతా పెట్టించలేదు, గుంతలున్న చోట మాత్రమే, అది కూడా వైట్ సిమెంట్ పుట్టీ. గోడ కాస్త గరుకుగా కనిపిస్తుంది, నాకదే ఇష్టం. కాకపోతే గరుకు గోడ రంగు బాగా తాగుతుంది, డబ్బా మీద రాసినన్ని చదరపు అడుగులు రావు. ఎండ మన దగ్గర ఫిబ్రవరి చివరికే ముదురుతుంది కాబట్టి పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ, అలా నీడ వెంటే పని చేయించాం.

ఇప్పుడు ఎలా ఉందంటే, 2023 జులైలో వరంగల్‌ను ముంచిన వానలకు కూడా ఎక్కడా బొబ్బ రాలేదు. పడమటి గోడ మీద చెయ్యి రాస్తే కొంచెం పొడి అంటుతోంది, మిగతా మూడు వైపులా అదీ లేదు. లేత గోధుమ రంగు దాదాపు అలాగే ఉంది. పోర్టికో స్తంభాలకు వేసిన ఇటుక ఎరుపు మాత్రం రెండో ఎండాకాలానికే వెలిసిపోయింది, ముదురు రంగులకు మన ఎండలో అంతే. ట్యాంకు నిండి నీళ్లు కారే చోట ఉత్తరం గోడకు నల్లగా పాచి పట్టింది, కానీ అది రంగు తప్పని చెప్పలేను, ఫ్లోట్ వాల్వు పెట్టించి బ్రష్‌తో కడిగాక మళ్లీ రాలేదు. పిట్టగోడ పైభాగంలో వెంట్రుకంత చీలికలు కనిపిస్తున్నాయి, వచ్చే వానాకాలం లోపు క్రాక్ ఫిల్లర్ పెట్టించి ఆ వరకే ఒక కోటు వేయిస్తా, ఇల్లంతటికీ ఇప్పట్లో అవసరం లేదు.