చీజ్ పీట, వేడి కోకో: సాగర్, సోమశిల, మన్ననూర్‌లో ఎక్కడ కుదురుతుంది?

చెక్క పీట మీద చీజ్ ముక్కలు, చాక్లెట్, పల్లీలు, నాలుగు పండ్ల ముక్కలు పేర్చుకుని, పక్కన వేడి కోకో పెట్టుకుని కూర్చోవాలంటే అన్నిటికన్నా ముందు చలి కావాలి. పాలమూరు, నల్లగొండ వైపు ఆ చలి డిసెంబర్ నుంచి సంక్రాంతి దాకానే, అదీ పొద్దుగూకాక. మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో చాక్లెట్ నిలవదు. 32 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, మళ్లీ గట్టిపడ్డప్పుడు పైన తెల్లటి పూత కనిపిస్తుంది. అది బూజు కాదు, పైకి తేలిన కోకో కొవ్వు. తినొచ్చు గానీ రుచీ, విరుపూ పోతాయి.

నాగార్జున సాగర్ అన్నిటికన్నా సులువు. హైదరాబాద్ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు, పర్యాటక శాఖ విజయ్ విహార్ జలాశయం ఒడ్డునే ఉంది. రెస్టారెంట్ ఉన్న బస కాబట్టి పాలు కాచి ఇవ్వమని అడిగే వీలుంటుంది. అయితే అంత నీరు పక్కనుంటే రాత్రి చలి పదును తగ్గుతుంది, శని ఆదివారాలు జనం కూడా ఎక్కువే. నాగార్జునకొండ లాంచీ, బుద్ధవనం చూడ్డానికి వెళ్లేవాళ్లు దీన్ని సాయంత్రానికి అదనంగా పెట్టుకోవచ్చు. దీనికోసమే అంత దూరం పోనక్కర్లేదు.

మన్ననూర్‌లో చలి అసలైనది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ కాటేజీలున్నాయి, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా శ్రీశైలం రోడ్డు చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు కాబట్టి చీకటి పడకముందే చేరాలి. అడవిలో ప్లాస్టిక్ నిషేధం, అందుకని అన్నీ స్టీలు డబ్బాల్లోనే. ఇక్కడ వరండాలో పీట పరిచారంటే కోతుల పాలే. గదిలోనే తినాలి, తొక్కలూ రేపర్లూ బ్యాగులో వేసి వెనక్కి తేవాలి. కోకోకి బ్రహ్మాండమైన చోటు, పీటకి అంత కాదు.

ఒక్కటే ఎంచుకోమంటే సోమశిల. కొల్లాపూర్ నుంచి సుమారు 10 కిలోమీటర్లు, కృష్ణ ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలు, ఎదురుగా శ్రీశైలం వెనుక జలాలు. సాగర్ అంత సందడి లేదు, మన్ననూర్ అంత కట్టుబాట్లూ లేవు. పాలు, పండ్లు కొల్లాపూర్‌లోనే కొనేసుకోవాలి, సోమశిల చిన్న ఊరు. నీటి మీది గాలికి గ్లాసులో కోకో తొందరగా చల్లారిపోతుంది, ఫ్లాస్కు ఉండాల్సిందే.

ఏ బసకైనా ఫోన్‌లో అడగాల్సినవి మూడు: గదిలో ఫ్రిజ్ ఉందా, వంటగది రాత్రి ఎన్నింటి దాకా, పాలు వేడిచేసి ఇస్తారా. కెటిల్ ఉందని ధీమా పడొద్దు. అందులో పాలు పోస్తే పొంగి మూత దాటతాయి, అడుగంటి మాడతాయి, ఆ వాసన తర్వాత టీ పెట్టుకునేవాళ్లకూ తప్పదు. కెటిల్ తప్ప దిక్కు లేకపోతే నీళ్లే కాచి, గ్లాసుకి 25 గ్రాముల పాలపొడి కలపండి.

నలుగురికి చీజ్ 250 గ్రాములు, చాక్లెట్ 150, వేయించిన పల్లీలు 100, జామకాయలు రెండు సరిపోతాయి. చీజ్‌లో సగం గౌడా లేదా చెడ్డార్, సగం మామూలు ప్రాసెస్డ్ దిమ్మ. మొదటివి హైదరాబాద్‌లోనే కొనండి, దారిలో దొరుకుతాయన్న నమ్మకం లేదు. చాక్లెట్ 55 శాతం కోకో ఉన్న డార్క్ అయితే గౌడాకి జోడీ. 90 శాతందైతే చీజ్ ఉప్పదనం పక్కన మరీ చేదెక్కుతుంది. బిస్కెట్లకు బదులు సకినాలు పెట్టి చూడండి: నువ్వులు, వాము, బియ్యప్పిండి కరకర, చీజ్‌కి ఇంతకన్నా మంచి తోడు దుకాణంలో లేదు. నల్లగొండ బత్తాయి తొనలు విడిగా గిన్నెలో ఉండాలి, రసం కారితే సకినాలు మెత్తబడతాయి. సీతాఫలం మాత్రం వద్దు, గింజలతో, జిగురుతో పీటంతా ఆగమవుతుంది.

ఇవన్నీ పేర్చడానికి ప్రత్యేకంగా చెక్క పలక కొననక్కర్లేదు, చపాతీ పీట చాలు. ముందురోజు ఉప్పు, నిమ్మచెక్కతో రుద్ది ఆరబెడితే పాత నూనె వాసన పోతుంది. ఐస్ పెట్టెలో చీజ్ అడుగున, చాక్లెట్ మూత బిగిసే స్టీలు డబ్బాలో పైన, మధ్యలో కాగితం మడత. తీసిన వెంటనే డబ్బా తెరవకండి. అరగంట ఆగితే చెమ్మ డబ్బా మీదే పడుతుంది, చాక్లెట్ మీద పడితే చక్కెర కరిగి గరుకుగా తేలుతుంది. చీజ్ కూడా ఆ అరగంట బయట ఉంటేనే రుచి తెలుస్తుంది. రెండు గంటలు దాటితే మిగిలింది దాచకండి.

కోకోకి 800 మిల్లీలీటర్ల చిక్కటి పాలు, తీపి లేని కోకో పొడి నాలుగు టేబుల్ స్పూన్లు, చక్కెర ఆరు టీస్పూన్లు, చిటికెడు ఉప్పు. పొడిని నేరుగా పాలలో వేస్తే ఉండలు కట్టి పైన తేలుతుంది. పొడి, చక్కెర, ఉప్పు కలిపి నాలుగు చెంచాల వేడి పాలతో ముద్దలా నూరి, మిగతా పాలు కొద్దికొద్దిగా పోయాలి. సన్నని మంట మీద మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉంచి, దించాక 40 గ్రాముల డార్క్ చాక్లెట్ తురిమి వేస్తే చిక్కబడుతుంది. ఈ 40 పైన చెప్పిన 150లోవి కావు. చక్కెర బదులు బెల్లమైతే దించాకే వేయండి, మరిగే పాలు విరిగిపోవచ్చు. బసవాళ్లు పాలు మాత్రమే కాచి ఇస్తే ముద్దను గదిలో ముందే నూరిపెట్టుకుని, ఫ్లాస్కులో పాలతో పాటు పోసి గట్టిగా గిలకొట్టండి. వేడి ఆవిరికి మూత ఎగరకుండా ఫ్లాస్కు ముప్పావు వంతే నింపాలి.