ఆఫీసు ప్రయాణాల పాయింట్లు: ఇండిగోనా, ఎయిర్ ఇండియానా, హోటలా?

ఆఫీసు పని మీద తిరిగితే టికెట్ డబ్బు కంపెనీది, విమాన సంస్థలూ హోటళ్లూ ఇచ్చే పాయింట్లు మనవి. వాటితో తర్వాత సొంత టికెట్లు, గదులు తీసుకోవచ్చు. పైకి ఇది లాభంగానే కనిపిస్తుంది. కానీ డబ్బు కంపెనీది కాబట్టి ఏ విమానం ఎక్కాలన్నది కూడా చాలాసార్లు కంపెనీయే తేలుస్తుంది. ఆ రోజు, ఆ వేళకి తక్కువ రేటున్న టికెట్‌నే ట్రావెల్ డెస్క్ (ఆఫీసులో టికెట్లు, గదులు బుక్ చేసే విభాగం) పంపుతుంది. అందుకే ఏ పాయింట్ల పథకం మేలో చూసేముందు, గత ఏడాది మనం నిజంగా ఏ విమానాలెక్కామో, ఎన్ని రాత్రులు ఏ హోటళ్లలో పడుకున్నామో మెయిల్లో వెతికి లెక్కేసుకోవాలి. నేను మాత్రం ఆ పని చాలా ఆలస్యంగా చేశాను.

హైదరాబాద్‌లో ఉంటూ ముంబై, ఢిల్లీ, పుణె తిరిగేవాళ్ల లెక్కలో ఇండిగోదే పెద్ద వాటా అవుతుంది. దేశంలో విమానమెక్కేవాళ్లలో నూటికి అరవై మందికి పైగా ఇండిగోలోనే వెళ్తున్నారు. 2006లో విమానాలు మొదలుపెట్టిన ఈ సంస్థ పాయింట్ల జోలికి చాలా ఏళ్లు పోలేదు, తన పాయింట్ల పథకం బ్లూచిప్‌ను 2024లో గానీ తేలేదు. ఉచితంగా చేరవచ్చు కాబట్టి చేరకపోవడానికి కారణమేమీ లేదు. అయితే దీంట్లో పాయింట్లు టికెట్‌కి పెట్టిన ఖర్చును బట్టి వస్తాయి. ట్రావెల్ డెస్క్ పంపేది చవక టికెట్ కాబట్టి పాయింట్లు కూడా నెమ్మదిగానే పోగవుతాయి. దీనివల్ల ఏడాదికి ఒకటో రెండో సొంత ప్రయాణాలు తేలికపడతాయి, అంతే. పండక్కి రాజమండ్రి వెళ్లే టికెట్ అలా వచ్చినా సంతోషమే కదా.

ఎయిర్ ఇండియా పాయింట్ల పథకం మహారాజా క్లబ్ (పాత పేరు ఫ్లయింగ్ రిటర్న్స్) కూడా 2024 నుంచి ఖర్చు లెక్కకే మారింది. కాబట్టి దేశంలోపలి ప్రయాణాలే ఉన్నవాళ్లు పాయింట్ల కోసమని ఇండిగో వదిలి దీనివైపు రావాల్సిన పనిలేదు. పొద్దున ఆరింటి విమానం మానుకుని, పాయింట్ల కోసం తొమ్మిదింటి విమానమెక్కి, మీటింగ్‌కి పరుగులు పెట్టడం నాకు సమ్మతం కాదు. కానీ ఏడాదికి రెండు మూడు సార్లు విదేశాలకు వెళ్లే పని ఉంటే లెక్క మారిపోతుంది. ఎయిర్ ఇండియా 2014 జులై నుంచి స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో ఉంది. మహారాజా క్లబ్‌లో గోల్డ్ మెట్టు వస్తే శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే లుఫ్తాన్సాలో, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో కూడా అది చెల్లుతుంది. లాంజ్ ఉంటుంది, బోర్డింగ్‌లో ముందుంటాం, సామానుకి అదనపు వెసులుబాటు ఉంటుంది. కిలోల లెక్కన తూచే చోట మరో 20 కిలోలు, పెట్టెల లెక్కన చూసే చోట మరో పెట్టె. డాలస్‌లో అక్కయ్యకి ఆవకాయ, సున్నుండలు మోసుకెళ్లే ఇంట్లో ఆ పెట్టె విలువ పాయింట్లలో చెప్పలేం. గల్ఫ్ మీదుగానే ఎక్కువ తిరిగేవాళ్లకి మాత్రం ఎమిరేట్స్ స్కైవార్డ్స్, ఖతార్ ఎయిర్‌వేస్ ఏవియోస్ నయం.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. విమాన పాయింట్లను బ్యాంకు డిపాజిట్‌లా దాచుకోకూడదు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆఖరి విమానం నడిపింది. 2024 నవంబర్‌లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు పాయింట్లు కూడా వెంట వచ్చాయి గానీ, ప్రతిసారీ అలా జరుగుతుందని ఎవరూ మాటివ్వరు. పోగైనవి పోగైనట్టు వాడెయ్యాలి.

నాకు అసలు ఫలితం కనిపించింది హోటల్లోనే. కారణం చిన్నదే. విమానంలో కూర్చునేది రెండు గంటలు, గదిలో ఉండేది రాత్రంతా. పైగా చాలా కంపెనీలు హోటల్‌కి రోజుకింతని పరిమితి పెట్టి, అందులో ఎంచుకునే పని మనకే వదిలేస్తాయి. మారియట్ హోటళ్ల పాయింట్ల పథకం బాన్‌వాయ్ లెక్క చూడండి. ఏడాదిలో 10 రాత్రులకు సిల్వర్, 25కి గోల్డ్, 50కి ప్లాటినం. రెండు వారాలకోసారి రెండేసి రాత్రులు ఉంటే ఏడాదికి 52 రాత్రులు, అంటే ప్లాటినం. అదే నెలకి రెండుసార్లు రెండేసి రాత్రులైతే 48 దగ్గర ఆగిపోతాం. నవంబర్‌లో లెక్క చూసుకుని, ఆ మిగిలిన రెండు రాత్రులు ఇంటివాళ్లతో సొంత ఖర్చు మీద గడిపినా దండగ కాదు. గోల్డ్‌లో పాయింట్లు పాతిక శాతం, ప్లాటినంలో సగం అదనంగా వస్తాయి.

ప్లాటినం వచ్చిన ఏడాది ముంబైలో ఒకరోజు మీటింగ్ పన్నెండింటికే అయిపోయింది. తిరుగు విమానం రాత్రి ఎనిమిదిన్నరకి. అంతకుముందైతే పెట్టె లాబీలో పెట్టి, సోఫాలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడిని. ఆ రోజు ప్లాటినం పుణ్యమా అని గది నాలుగింటిదాకా నాదే. స్నానం చేసి, పెరుగన్నం తెప్పించుకుని, కర్టెన్లు వేసుకుని గంటన్నర పడుకున్నాను. ఇంటికి చేరేసరికి పిల్లాడితో మాట్లాడే ఓపిక మిగిలింది.

అయితే ఇంకో షరతు ఉంది. హోటల్ సొంత సైట్‌లోనో, యాప్‌లోనో, కంపెనీ రేటు మీదో బుక్ చేసినప్పుడే ఈ లెక్కలన్నీ నడుస్తాయి. అన్ని హోటళ్లూ కలిపి చూపించే బుకింగ్ సైట్లలో తీసుకున్న గదికి సాధారణంగా పాయింట్లూ రావు, రాత్రులూ కలవవు. రెండు వందలు తక్కువని ట్రావెల్ డెస్క్ అలాంటి చోట తీస్తుంటే ఒక మాట అడిగి మార్పించుకోండి.

కాబట్టి నా మాటగా చెప్పాలంటే దేశంలోపలే తిరిగేవాళ్లకి ముందు హోటల్, పక్కన ఇండిగో. ఏడాదికి రెండు విదేశీ ప్రయాణాలైనా ఉంటే ఎయిర్ ఇండియాకి ఓపికగా గోల్డ్ దాకా కట్టుబడటం మేలు. మూడు నాలుగు చోట్ల కొంచెం కొంచెం పోగేస్తే ఎక్కడా ఏ మెట్టూ ఎక్కం.

ఏది ఎంచుకున్నా ఖాతాలో పేరు ఎలా రాశారో ఈరోజే చూసుకోండి. మన ఇంటిపేర్లతోనే అసలు చిక్కంతా. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆఫీసు ఐడీలో ఒక్క అక్షరమే. డెస్క్ ఐడీ చూసి టికెట్ తీసేది, నా మెంబర్ ఖాతా పాస్‌పోర్టు ప్రకారం ఉండేది. పేర్లు కలవక ఒక విమాన సంస్థలో ఏడు ప్రయాణాల పాయింట్లు పడలేదు. బోర్డింగ్ పాసులు దొరికిన నాలుగింటికి మెయిళ్లు పెట్టి పెట్టి రాబట్టుకున్నాను, మిగతా మూడూ పోయాయి. ఇప్పుడు దిగీ దిగగానే బోర్డింగ్ పాస్ ఫోటో తీసుకుని, పాయింట్లు ఖాతాలో పడేదాకా ఫోన్లో ఉంచుకుంటున్నాను.